లక్ష రొయ్యలు, పదహారు మిల్లీసెకన్లు: ఈసీఎస్ క్వెరీలతో నా రెండు నెలలు

మే 12, 2025, సాయంత్రం. నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట మండలంలో మా మామయ్య రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో, ఆయన పాత లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ఏడాదిగా రాత్రిళ్లు కూర్చుని రాసిన సిమ్యులేషన్‌ను ఆయనకు మొదటిసారి చూపిస్తున్నాను. మేత ఎటు చల్లితే రొయ్య ఎటు పోతుంది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఒకటి ఆగిపోతే ఏమవుతుంది, నెల తర్వాత కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంతకు వస్తుంది, ఇవన్నీ తెర మీద చూసుకుని నిర్ణయం తీసుకునేలా ఉండాలని నా ఆశ. లక్ష పిల్ల వదిలాను. రొయ్యలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. మామయ్య కాసేపు కళ్లు చిట్లించి చూసి, "ఏంది పాపా, ఆక్సిజన్ చాలక పైకి తేలిన రొయ్యల మాదిరి కొట్టుకుంటుండాయే" అన్నాడు.

ఆయన తప్పుపట్టలేదు, ఉన్నమాట అన్నాడు. తెర మూలన పెట్టుకున్న కౌంటర్ ఫ్రేముకు 74 మిల్లీసెకన్లు చూపిస్తోంది. అంటే సెకనుకు 13 ఫ్రేములు. కదలిక కంటికి నునుపుగా కనిపించాలంటే సెకనుకు 60 కావాలి, ఒక్కో ఫ్రేముకు ఉండేది 16.6 మిల్లీసెకన్లే. వేదాయపాలెంలో ఇంటికొచ్చి నా లాప్‌టాప్‌లో కొలిస్తే 31 వచ్చింది. అక్కడి నుంచి జూలై 9 దాకా జరిగింది వరసగా రాస్తున్నాను. ఈసీఎస్ అంటే ఎంటిటీ కాంపొనెంట్ సిస్టమ్: ఒక్కో రొయ్య ఒక నంబరు, అదే ఎంటిటీ; దాని స్థానం, వేగం లాంటి డేటా ముక్కలు కాంపొనెంట్లు; వాటి మీద పనిచేసే కోడ్ సిస్టమ్. ఫలానా కాంపొనెంట్లున్న ఎంటిటీలన్నిటినీ ఇవ్వమని సిస్టమ్ అడగడమే క్వెరీ. సొంతంగా ఈసీఎస్ రాసుకుని క్వెరీ లూపు దగ్గర ఇరుక్కున్నవాళ్లకు పనికొస్తుందని నమ్మకం.

మొదటి వారం వృథా అయింది. రొయ్య కదలికలో వర్గమూలాలు, భాగహారాలు ఉన్నాయి కాబట్టి టైమంతా అక్కడే పోతోందని నాకు నేనే తీర్మానించుకున్నాను. మే 13 నుంచి 19 దాకా రోజూ ఆఫీసు పని అయ్యాక, రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు వరకు లెక్కలన్నీ తిరగరాశాను. 31 కాస్తా 30.2 అయింది. ఏడు రాత్రుల కష్టానికి 0.8 మిల్లీసెకను. ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ.

మే 20న పెర్ఫ్ తీశాను, ప్రోగ్రామ్‌లో టైము ఎక్కడ పోతోందో చూపించే లైనక్స్ టూల్ అది. ఏడాదిగా ఉబుంటు వాడుతూ కూడా దాని జోలికి పోలేదు. మొదట అది నడవనే లేదు, పర్మిషన్ లేదంది. కెర్నెల్‌లో పెర్ఫ్ ఈవెంట్ పారనాయిడ్ అనే సెట్టింగ్ ఒకటుంది, నా మెషీన్లో అది 4 మీద ఉంది. 1కి దింపితే పనిచేసింది. కెర్నెల్ అప్‌డేట్ అయినప్పుడు దానికి సరిపడే లైనక్స్ టూల్స్ ప్యాకేజీ కూడా మళ్లీ వేసుకోవాలి. ఈ రెండింటికే గంటన్నర పట్టింది, అందుకే ముందే చెబుతున్నాను.

వచ్చిన ఫలితం చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. వర్గమూలం దగ్గర దాదాపు ఏమీ లేదు. టైములో పెద్ద భాగం క్వెరీ తరువాతి ఎంటిటీని వెతుక్కునే చోట పోతోంది. అంటే రొయ్య ఈదడానికి కాదు, ఆ రొయ్య వివరాలు మెమరీలో ఎక్కడున్నాయో కనుక్కోవడానికే ప్రాసెసర్ అలిసిపోతోంది.

ఒక్క రొయ్య ఒక్క అడుగు వేయాలంటే నా ప్రోగ్రామ్ ఏం చేస్తోందో కాగితం మీద రాసుకున్నాను. నంబరు 48,210 అనుకుందాం. స్థానం, వేగం, రొయ్య అని మూడు కాంపొనెంట్లు. ఒక్కోదానికి ఒక్కో స్పార్స్ సెట్, అంటే డేటా ఖాళీల్లేకుండా ఉండే డెన్స్ అరే, ఏ నంబరు డేటా అందులో ఎక్కడుందో చెప్పే స్పార్స్ అరే, రెండూ కలిపి. ముందు స్థానం లిస్టులో 48,210 దొరికింది. వేగం ఉందా? స్పార్స్ అరేలో 48,210వ గడి చూడు, అందులో ఉన్న సంఖ్య పట్టుకుని డెన్స్ అరేలోకి పో. ఉంది. రొయ్య ఉందా? మళ్లీ అంతే. ఉందని తేలాక డేటా ఇవ్వమంటే, నేను రాసిన గెట్ ఫంక్షన్ ఇదంతా మొదటి నుంచి ఇంకోసారి చేస్తోంది. చచ్చిన రొయ్యను తీసేసినప్పుడల్లా చివరి రొయ్యను ఆ ఖాళీలోకి జరుపుతాను కాబట్టి మూడు అరేల్లో వరస ఏనాడో చెదిరిపోయింది. ఒకదాంట్లో పక్కపక్కనున్న రొయ్యలు ఇంకోదాంట్లో ఎక్కడెక్కడో ఉన్నాయి. ప్రతి అడుగుకీ ఒక క్యాష్ మిస్, అంటే కావలసింది ప్రాసెసర్ పక్కనుండే చిన్న, వేగమైన మెమరీలో దొరక్క దూరంగా ఉన్న పెద్ద మెమరీ దాకా పోవడం.

రెండుసార్లు వెతకడం ఆపడానికి పట్టింది ఒక్క సాయంత్రం. ఉందా అని చూసినప్పుడు దొరికిన చోటునే గుర్తుపెట్టుకుని డేటా ఇచ్చేలా మార్చాను. మే 22న 30 నుంచి 24కి వచ్చింది. లెక్కలు మార్చిన వారం కంటే ఈ పన్నెండు లైన్ల మార్పు ఎక్కువ ఇచ్చింది.

ఆ తర్వాత రొయ్య కాంపొనెంట్ మీద పడ్డాను. అందులో బరువు, ఆకలి, ఆరోగ్యం అని మూడు ఫ్లోట్లు (దశాంశ సంఖ్యలు), 12 బైట్లు. వాటితో పాటు సీడ్ ఏ హేచరీదో, ఏ బ్యాచో, వదిలిన తేదీ, ఇంకా కొన్ని వివరాలు. మొత్తం 96 బైట్లు. లక్ష రొయ్యలకు 9.6 ఎంబీ. నా ప్రాసెసర్‌లో ఉన్న ఆఖరి క్యాష్ 6 ఎంబీ. మెమరీ నుంచి ఎప్పుడు తెచ్చుకున్నా 64 బైట్ల మూటగానే వస్తుంది. నాకు కావలసిన 12 బైట్ల కోసం అక్కర్లేని హేచరీ పేరును కూడా ప్రతి ఫ్రేములో లక్షసార్లు మోసుకొస్తున్నానన్నమాట. రోజూ కావలసిన మూడింటిని ఒక కాంపొనెంట్‌గా, ఎప్పుడో రైతు క్లిక్ చేసి చూసే వివరాలను ఇంకో కాంపొనెంట్‌గా విడదీశాను. 9.6 ఎంబీ కాస్తా 1.2 అయింది.

ఇది మే 25, ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి పూర్తయింది. వెంటనే కొలిచాను. 24 తగ్గాల్సింది పోయి 25 అయింది! నాలుగుసార్లు కొలిచాను. 25, 26, 25, 27. ఎక్కడో పెద్ద తప్పే చేశాననుకుని మార్పు మొత్తం వెనక్కి తీసేశాను. ఆ సాయంత్రం అన్నం కూడా సరిగా తినలేదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నెల్లూరు ఎండ తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజే కార్తె మొదలైంది. మరుసటి రోజు కరెంటు పోయి ఉక్కకు తెల్లవారుజామున ఐదింటికే మెలకువ వచ్చింది. కరెంటు వచ్చాక ఊరికే ఒకసారి చూద్దామని పాత ప్రోగ్రామ్ నడిపితే 24. వెనక్కి తీసేసిన మార్పును మళ్లీ పెట్టి నడిపితే 17. చేతులు వణికాయి. మధ్యాహ్నం పాత ప్రోగ్రామ్‌నే నడిపితే 33, 34 వస్తోంది. వేడికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటోంది. నేను కొలిచింది నా కోడ్‌ను కాదు, ఎండను.

ఈ పొరపాటు వల్ల ఒక మంచి మార్పును దాదాపు వదిలేసుకున్నాను. అందుకని ఆ రోజు నుంచి కొలత పద్ధతే మార్చుకున్నాను. పాత ప్రోగ్రామ్, కొత్త ప్రోగ్రామ్ ఒకదాని వెంట ఒకటి, మళ్లీ పాతది, మళ్లీ కొత్తది, ఇలా ఇరవైసార్లు. సగటు కాకుండా మధ్యలో వచ్చే అంకె తీసుకోవడం. చార్జర్ పెట్టే ఉంచడం, ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్ అనే సెట్టింగ్‌ను పర్ఫార్మెన్స్ మీద పెట్టడం, ముఖ్యమైన కొలతలు తెల్లవారుజామునే చేయడం. ట్రంకు రోడ్డులో ఒక షాపులో ఫ్యాన్ శుభ్రం చేయించి కొత్త పేస్టు పెట్టించాను, 650 రూపాయలు. కూలింగ్ స్టాండుకు 900. మొత్తం ఈ రెండు నెలల్లో డబ్బు రూపంలో అయిన ఖర్చు ఇంతే, తక్కినదంతా నిద్ర.

17 దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది: స్పార్స్ సెట్లతోనే ఉండాలా, డేటా పెట్టే పద్ధతే మార్చాలా. వేరేవాళ్ల ఈసీఎస్‌లు ఎలా నడుస్తాయో నాలుగు రాత్రులు చదివాను. మికెలే కైనీ రాసిన ఎన్‌టీటీ స్పార్స్ సెట్ల మీదే నడుస్తుంది, కానీ గ్రూపులు కడితే ఆ కాంపొనెంట్లన్నీ ఒకే వరసలో ఉండేలా చూస్తుంది. సాండర్ మెర్టెన్స్ ఫ్లెక్స్, యూనిటీ గేమ్ ఇంజిన్ వాళ్లది ఆర్కిటైప్ దారి. బెవీ అనే గేమ్ ఇంజిన్‌లో మామూలుగా టేబుళ్లే, కావాలంటే ఒక్కో కాంపొనెంట్‌ను స్పార్స్ సెట్‌లో పెట్టుకోవచ్చు. నా సిస్టమ్స్ తొమ్మిదీ ఇంచుమించు అవే కాంపొనెంట్లను రకరకాల కలయికల్లో అడుగుతాయి. గ్రూపులో ఒక కాంపొనెంట్ ఒక గ్రూపుకే సొంతం కాబట్టి నాకు కుదరదనిపించింది. ఆర్కిటైప్‌కే వెళ్లాను. ఒకే రకం కాంపొనెంట్లున్న ఎంటిటీలన్నీ ఒకే టేబుల్‌లో, ఒక్కో కాంపొనెంట్ ఒక్కో నిలువు వరస. క్వెరీకి తగిన టేబుళ్లు ఏవో తెలిస్తే చాలు, ఆపైన మొదటి నుంచి చివరి దాకా నేరుగా నడవడమే.

మే 31న మొదలుపెట్టి జూన్ 14న పూర్తిచేశాను. రెండు వారాలు ప్రోగ్రామ్ అసలు కంపైల్ కూడా కాలేదు. ఇది భరించడం నాకు అన్నిటికంటే కష్టమైంది. రోజూ ఏదో ఒకటి తెర మీద కదులుతుంటే వచ్చే ధైర్యం వేరు. 14వ తేదీ రాత్రి నడిపితే 8.9. అమ్మను నిద్రలేపి మరీ చూపించాను.

రెండు రోజుల తర్వాత ఆ సంతోషం కాస్తా భయంగా మారింది. చెరువులో మిగిలిన రొయ్యలు, చచ్చిన రొయ్యలు కలిపితే లక్ష రావాలి. 99,871 వచ్చింది. 129 రొయ్యలు లెక్కలో లేవు. మామయ్య దీన్ని చూసి మేత లెక్క వేసుకుంటాడు కదా, తప్పుడు సంఖ్య ఇచ్చేకంటే నెమ్మదిగా నడిచే ప్రోగ్రామే నయం. మూడు రాత్రులు వెతికాను. కారణం చిన్నది. క్వెరీ టేబుల్ మీద నడుస్తూండగానే చచ్చిన రొయ్యను తీసేస్తున్నాను. చివరి రొయ్య ఆ గడిలోకి వస్తుంది, లూపు మాత్రం తరువాతి గడికి పోతుంది. జరిగి వచ్చిన రొయ్యను ఆ ఫ్రేములో ఎవరూ చూడరు. అది కూడా అదే ఫ్రేములో చనిపోవాల్సిందైతే నా లెక్క ఇంకా చెడుతోంది. తీసివేతలు, చేర్పులు అన్నిటినీ ఒక జాబితాలో రాసిపెట్టి, నడక పూర్తయ్యాకే అమలు చేసేలా మార్చాను. అప్పుడు లక్షకు లక్ష సరిపోయింది.

ఇంకో సంగతి. టేబుళ్ల వల్ల రొయ్యల వరస మారింది, దాంతో ఒక్కో రొయ్యకు వచ్చే ర్యాండమ్ సంఖ్య కూడా మారింది. 60వ రోజు సగటు బరువు పాత ఫలితంతో సరిపోలలేదు. తప్పు లేకపోయినా తప్పులా కనిపించి కంగారు పెట్టింది. ర్యాండమ్ సంఖ్యను రొయ్య నంబరు నుంచి పుట్టించేలా చేశాక వరసతో సంబంధం లేకుండా పోయింది.

ఆ తర్వాత అమావాస్య వచ్చింది. నా చెరువులోకి వచ్చిన అమావాస్య. రొయ్యల రైతులకు తెలుసు, అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్యలు ఎక్కువగా మోల్టింగ్‌కు వస్తాయని, అంటే పాత పెంకు విడుస్తాయని మేత తగ్గిస్తారు. నేనూ అలాగే పెట్టాను. మోల్టింగ్‌లో ఉన్న రొయ్యకు ఆ పేరుతో ఒక ట్యాగ్ (డేటా లేకుండా గుర్తుగా మాత్రమే ఉండే కాంపొనెంట్) చేర్చడం, పెంకు గట్టిపడ్డాక తీసేయడం. ఆర్కిటైప్‌లో ట్యాగ్ చేరిందంటే ఆ రొయ్య వేరే టేబుల్‌కు మారిందని అర్థం, అంటే దాని డేటా మొత్తం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు కాపీ. మామూలు రోజుల్లో 8.9తో నడుస్తున్నది అమావాస్య రోజున వేల రొయ్యలు ఒక్కసారి మారేసరికి 60కి ఎగబాకింది. తెర బిగుసుకుపోయింది.

స్పార్స్ సెట్‌లో ఉన్నన్నాళ్లూ ట్యాగ్ చేర్చడం ఇంత ఖరీదని తెలియలేదు. నడక చవక చేసుకుంటే మార్పు ఖరీదైంది. తరచూ మారే స్థితిని ట్యాగ్‌గా పెట్టకూడదని అర్థమై, ప్రతి టేబుల్‌లో 64 రొయ్యలకు ఒక 64 బిట్ల సంఖ్య పెట్టాను. మోల్టింగ్‌లో ఉంటే ఆ బిట్ 1. మేత సిస్టమ్ ఆ సంఖ్యను చూసి, ఎవరూ తినే స్థితిలో లేకపోతే 64 మందినీ ఒక్కసారి దాటేస్తుంది. యూనిటీలో ఆన్ ఆఫ్ చేసుకునే కాంపొనెంట్లు కూడా ఇలా బిట్లతోనే నడుస్తాయి. జూన్ 22కి ఇది పూర్తయింది. అమావాస్య రోజు కూడా 8.1 దాటలేదు.

ఇదే దెబ్బకు ఇంకోటి బయటపడింది. జబ్బు, సైజు, ఏ చెరువు అన్నీ ట్యాగులుగా పెట్టేసరికి టేబుళ్లు 300 దాటాయి. కొన్నిటిలో మూడే మూడు రొయ్యలు. పైగా ప్రతి క్వెరీ ప్రతి ఫ్రేములో అన్ని టేబుళ్లనూ నువ్వు నాకు సరిపోతావా అని అడుగుతోంది. కొత్త టేబుల్ పుట్టినప్పుడు మాత్రమే అది క్వెరీలకు కబురు చేసేలా, క్వెరీ తన టేబుళ్ల జాబితాను దగ్గర పెట్టుకునేలా మార్చాను. సైజును ట్యాగ్ నుంచి తీసేసి మామూలు సంఖ్యగా ఉంచాను. 6.3.

చివరి మార్పు లూపుది. టేబుల్ మీద ఒక్కో రొయ్య దగ్గరికి నడిపించే నా ఇటరేటర్ ఒక్కో అడుగుకు టేబుల్ అయిపోయిందా అని చూసుకుంటోంది. దాని బదులు టేబుల్‌లోని నిలువు వరసల మొదటి అడ్రసులు, ఎన్ని రొయ్యలున్నాయో ఆ సంఖ్య ఇచ్చేసి, లోపల సాదా ఫర్ లూపు రాశాను. కంపైలర్ దాన్ని వెక్టరైజ్ చేస్తుందనుకుంటే, అంటే ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో చాలా సంఖ్యల లెక్క ఒకేసారి చేసేలా మారుస్తుందనుకుంటే చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పమని ఆ కంపైలర్‌ను, జీసీసీని అడిగితే, ఈ రెండు అరేలు ఒకదాని మీద ఒకటి పడొచ్చు కదా అని దాని అనుమానం. పడవని రెస్ట్రిక్ట్ అనే మాట కోడ్‌లో పెట్టి హామీ ఇచ్చాను. 3.9. థ్రెడ్లు కూడా ప్రయత్నించాను, నాలుగు థ్రెడ్లకు 1.7 రెట్లే వచ్చింది. మామయ్య లాప్‌టాప్‌లో ఉన్నవే రెండు కోర్లు, కాబట్టి వదిలేశాను.

జూన్ 29, ఆదివారం, పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని చెరువు దగ్గరికి పోయాను. ప్రోగ్రామ్ తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. ఏ ఎర్రరూ లేదు. మామయ్య టీ పోయించి, "పర్లేదులే పాపా, ఇంకోసారి చూస్తాం" అన్నాడు. ఆ మాట ఇంకా బాధపెట్టింది. తిరుగు బస్సులో తట్టింది: నా మెషీన్‌కు తగ్గట్టు కంపైల్ చేయమని నేటివ్ ఫ్లాగ్ పెట్టాను. నా ప్రాసెసర్‌కు ఏవీఎక్స్2 (చాలా సంఖ్యల మీద ఒకేసారి పనిచేసే ఇన్‌స్ట్రక్షన్లు) ఉంది. ఆయనది పాత పెంటియమ్, దానికి ఏవీఎక్స్ లేదు. తెలియని ఇన్‌స్ట్రక్షన్ తగలగానే ప్రోగ్రామ్ చచ్చిపోతోంది. ఫ్లాగ్ తీసేస్తే నా దగ్గర 3.9 కాస్తా 4.4 అయింది. ఆ అర మిల్లీసెకను కోసం ఆయన ముందు ప్రోగ్రామే తెరుచుకోలేదు. ఎవరి మెషీన్ మీద నడవాలో ఆ మెషీన్‌ను మొదటి వారంలోనే ఇంటికి తెచ్చుకుని పక్కన పెట్టుకోవాల్సింది.

జూలై 9న మళ్లీ వెళ్లాను. రొట్టెల పండగ జనంతో బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయి, గంటలో చేరేదాన్ని రెండు గంటలు పట్టింది. సాయంత్రం మేత వేళకు ముందు లాప్‌టాప్ తెరిచాను. లక్ష పిల్ల. 11.2 మిల్లీసెకన్లు. రొయ్యలు చెరువంతా ఈదుతున్నాయి, ఎక్కడా ఆగలేదు.

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది రెండెకరాల చెరువు కదా, నేను వదిలింది రెండు లక్షలు. సగమే వదిలినావేంది?" అన్నాడు.

రెండు లక్షలని కొట్టాను. 23 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 43 ఫ్రేములు. నేను ఆ అంకెనే చూస్తూ ఆయన ముఖంలోకి చూడటానికి భయపడ్డాను. ఆయన చూపు అంకె మీద లేదు. రెండో ఏరియేటర్ పక్కన రొయ్యలు పలచబడిన చోట వేలు పెట్టి, "ఇక్కడ నేను రోజూ రెండు కిలోలు చల్లతా ఉండా" అన్నాడు. లేచి చెప్పులేసుకుని, ఆ మూల చెక్ ట్రే లేపి మేత మిగిలిందేమో చూసేదానికి గట్టు మీదకు పోయాడు.